పూస నడిమధ్య పని లేక కూర్చున్న ఎంజైము

చక్కెరను విరగ్గొట్టే ఎంజైమును ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) పూసల్లో బంధించి, విడి ఎంజైముతో పోల్చి చూడటం: తిరుపతి యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ చదివే పిల్లలు చాలామంది ఎంచుకునే ప్రాజెక్టు ఇది. ఖర్చు తక్కువ, సామాను సులువుగా దొరుకుతుంది, ఫలితం కంటికి కనిపిస్తుంది. చివర్లో మాత్రం ఒక వాక్యం రిపోర్టు నుంచి రిపోర్టుకు అలాగే నడుస్తూ ఉంటుంది: "బంధించాక 25 శాతం యాక్టివిటీ మిగిలింది, మిగతాది బంధించే ప్రక్రియలో నశించింది." ఈ వాక్యంలో మొదటి సగం కొలత, రెండో సగం ఊహ. ఆ ఊహ చాలాసార్లు తప్పు. నశించిందనుకున్న ఎంజైములో ఎక్కువ భాగం పూస లోపల క్షేమంగానే ఉంటుంది. దానికి చక్కెర అందదు, అంతే.

కనిపించకుండా పోయిన యాక్టివిటీకి, అంటే ఎంజైము చేసే పని వేగానికి, మూడు లెక్కలుంటాయి. పూసలను గట్టిపరిచే కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి, కడిగిన నీళ్లలోకి కారిపోయింది ఒకటి. నిజంగా చెడిపోయింది రెండోది. లోపల ఉండి కూడా పని దొరకనిది మూడోది. మొదటిదాన్ని నేరుగా కొలవొచ్చు. మూడోదాన్ని కొలిస్తే రెండోది తీసివేతలో తేలుతుంది. మూడోదాన్ని కొలవకుండా మొత్తం రెండోదాని మీదికి తోసెయ్యడం వల్లే చిక్కు వస్తోంది. ఆ మూడోదాని పేరే వ్యాపన పరిమితి, ల్యాబుల్లో అందరూ అనే మాటలో డిఫ్యూజన్ లిమిటేషన్.

పూస లోపల ఏం జరుగుతుంది

పూస చుట్టూ చక్కెర నీళ్లు ఉన్నాయి. జెల్ లోపల ప్రవాహం ఉండదు కాబట్టి చక్కెర అణువు వ్యాపనం ద్వారానే లోపలికి వెళ్లాలి. వెళ్లే దారి పొడుగునా ఎంజైము కాచుకుని ఉంటుంది, అందిన అణువును అందినట్టే విరగ్గొడుతుంది. ఎంజైము వేగం ఎక్కువై, దారి పొడవై, వ్యాపనం మెల్లగా ఉంటే నడిమధ్యకు చేరేసరికి చక్కెర మిగలదు. పెద్ద గులాబ్ జామూను పాకంలోంచి తొందరపడి తీసేస్తే నడుమ పిండి చప్పగా ఉంటుంది కదా, అలాంటిదే. తేడా ఏమిటంటే జామూను ఇంకాసేపు నానితే నడుమకు కూడా పాకం పడుతుంది. ఈ పూస ఎంతసేపు నానినా నడుమ ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే దారిలోనే ఖర్చైపోతోంది.

ఈ పోటీని ఒక్క అంకెలో చెప్పేది థీలే మాడ్యులస్. ఎర్నెస్ట్ థీలే 1939లో రసాయన ఉత్ప్రేరకాల కోసం రాసిన లెక్క ఇది, ఎంజైములకూ అలాగే పనికొస్తుంది. పూస వ్యాసార్ధాన్ని మూడుతో భాగించండి. వీమ్యాక్స్‌ను (ఎంజైము గరిష్ఠ వేగం) కేఎమ్‌తోనూ (వేగం అందులో సగమయ్యే చక్కెర గాఢత), జెల్ లోపలి వ్యాపన గుణకంతోనూ భాగించి వర్గమూలం తీయండి. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే ఆ అంకె. అది 0.3 కంటే తక్కువైతే నిశ్చింతగా ఉండొచ్చు, 3 దాటితే ఎంజైములో ఎక్కువ భాగం ఊరికే కూర్చుందని అర్థం.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. సుక్రోజ్‌ను, అంటే మామూలు చక్కెరను, గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విరగ్గొట్టే ఇన్వర్టేజ్ తీసుకుందాం. ఒక మి.లీ. జెల్‌లో 30 యూనిట్లు, అంటే నిమిషానికి 30 మైక్రోమోల్‌లు విరగ్గొట్టగలిగినంత ఎంజైము ఉందనుకోండి. కేఎమ్ 30 మిల్లీమోలార్. సుక్రోజ్ వ్యాపన గుణకం 25 డిగ్రీల నీళ్లలో సెకనుకు 5.2 × 10⁻¹⁰ చదరపు మీటర్లు. 2 శాతం ఆల్జినేట్ జెల్‌లో అది కొంచెం తగ్గుతుంది, 4.5 × 10⁻¹⁰ పెట్టుకుందాం. 3 మి.మీ. పూసకు మాడ్యులస్ 3.04 వస్తుంది. పల్చటి చక్కెర ద్రావణంలో ఆ పూసకు ఎఫెక్టివ్‌నెస్ ఫ్యాక్టర్ 0.29. అంటే ఉన్న ఎంజైములో 29 శాతం పని మాత్రమే బయటికి కనిపిస్తుంది. ఎంజైములో ఒక్క అణువు కూడా చెడిపోలేదు, అయినా యాక్టివిటీ 29 శాతమే! ఇదే ఎంజైము, ఇదే జెల్, పూస మాత్రం 1 మి.మీ. అయితే ఫ్యాక్టర్ 0.67 అవుతుంది. అర మి.మీ. పూసకు 0.87.

ఇక్కడ "పల్చటి" అన్న మాటను వదిలెయ్యకండి. చక్కెర గాఢత కేఎమ్ కంటే బాగా ఎక్కువైతే కథ మారుతుంది. 5 శాతం సుక్రోజ్, అంటే దాదాపు 146 మిల్లీమోలార్ ద్రావణంలో అదే 3 మి.మీ. పూసను ఉంచితే, ఎంజైము ఎక్కడున్నా పూర్తి వేగంతో పనిచేస్తుందన్న ఉజ్జాయింపు లెక్కలో, నడిమధ్య సుమారు 1.8 మి.మీ. వ్యాసమున్న గుండు మాత్రమే చక్కెర అందకుండా మిగులుతుంది. ఆ గుండు వ్యాసం పూస వ్యాసంలో సగం కంటే ఎక్కువే అయినా ఘనపరిమాణంలో అది 22 శాతమే. అంటే 78 శాతం ఎంజైము పని చేస్తున్నట్టు. ఒకే పూసకు ఒక ద్రావణంలో 29 శాతం, ఇంకో ద్రావణంలో 78 శాతం. "యాక్టివిటీ ఇంత మిగిలింది" అని రాసేటప్పుడు ఏ గాఢతలో కొలిచారో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదని అనేది ఇందుకే.

సూది మారిస్తే పూస చిన్నదవదు

పూస చిన్నదైతే మేలని తెలిశాక అందరూ మొదట చేసేది సన్న సూది తీసుకోవడం. దాంతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. చుక్క తన బరువుకు తానే రాలినప్పుడు దాని వ్యాసం సూది బయటి వ్యాసపు ఘనమూలాన్ని బట్టి ఉంటుంది. 18 గేజ్ సూది బయటి వ్యాసం 1.27 మి.మీ., దాని చుక్క 3.8 మి.మీ. దాకా వస్తుంది. 22 గేజ్ సూది 0.72 మి.మీ., చుక్క 3.1. 26 గేజ్ 0.46 మి.మీ. మాత్రమే, అయినా చుక్క 2.7 దగ్గరే ఆగుతుంది. గట్టిపడేటప్పుడు పూస ఇంకొంచెం కుంచించుకుపోతుంది కానీ, గురుత్వాకర్షణను నమ్ముకుని 1 మి.మీ. పూస మాత్రం రాదు. పైగా 26 గేజ్ సూదిలోంచి 2 శాతం ఆల్జినేట్‌ను తోయాలంటే చేతులు పడిపోతాయి.

నిజంగా చిన్న పూస కావాలంటే సూది చుట్టూ గాలి ఊదాలి. సూదిని కాస్త పెద్ద గొట్టం మధ్యలో నిలబెట్టి, అక్వేరియం పంపు గాలిని ఆ గొట్టంలోంచి కిందికి పంపితే, చుక్క పూర్తిగా పెరగకముందే గాలి దాన్ని లాగేస్తుంది. గాలి పెంచితే పూస చిన్నదవుతుంది, మరీ పెంచితే రకరకాల సైజుల పూసలు కలగాపులగంగా వస్తాయి. 1 నుంచి 1.5 మి.మీ. మధ్య ఆగడం మంచిది. అంతకంటే చిన్నవి కావాలంటే నూనెలో ఎమల్షన్ చేసే పద్ధతి ఉంది, కానీ నూనె కడగడం పెద్ద పని.

మిగతా తయారీ చాలామందికి తెలిసిందే కాబట్టి తప్పులు జరిగే చోట్లు మాత్రం చెబుతాను. 80 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లను మాగ్నెటిక్ స్టిరర్ మీద తిప్పుతూ 2 గ్రాముల సోడియం ఆల్జినేట్‌ను చిటికెడు చిటికెడుగా చల్లాలి. ఒక్కసారి పోస్తే ఉండలు కడుతుంది. మన బోరు నీళ్లు వాడకూడదు, వాటిలోని కాల్షియమే ఆల్జినేట్‌ను అక్కడక్కడ గడ్డకట్టిస్తుంది. 20 మి.లీ. నీళ్లలో కలిపిన 5 గ్రాముల బేకర్స్ ఈస్ట్‌ను అందులో కలిపి, బుడగలు పోయేదాకా పక్కన పెట్టాలి. బుడగ చిక్కిన పూస కాలమ్‌లో (పూసలు నింపి ద్రావణం పారించే గొట్టంలో) పైకి తేలుతుంది. లీటరుకు 22 గ్రాముల డైహైడ్రేట్ వేసిన కాల్షియం క్లోరైడ్ ద్రావణం 0.15 మోలార్ అవుతుంది. దాన్ని మెల్లగా తిప్పుతూ 10 సెం.మీ. ఎత్తు నుంచి చుక్కలు వేయాలి. చుక్కకు తోక వస్తే ఎత్తు చాలలేదనో, ఆల్జినేట్ మరీ చిక్కగా ఉందనో అర్థం. అరగంట నుంచి గంట గట్టిపడనిచ్చి కడగాలి. కడిగిన నీళ్లు, కాల్షియం క్లోరైడ్ ద్రావణం రెండూ కొలిచి దాచిపెట్టాలి, పారబోయకూడదు. మొదటి లెక్క వాటిలోనే ఉంది.

శుద్ధి చేసిన ఇన్వర్టేజ్ కంటే ఈస్ట్ కణాలనే బంధించమని నా సలహా. ఆల్జినేట్ రంధ్రాల్లోంచి విడి ఎంజైము మెల్లగా కారుతూనే ఉంటుంది, కణం అలా కారదు. ఈస్ట్‌లో ఇన్వర్టేజ్ ఎక్కువ భాగం కణత్వచానికి బయట, గోడ దగ్గరే ఉంటుంది కాబట్టి చక్కెర అక్కడికి చేరడానికి కణం పెద్ద అడ్డం కాదు. బతికున్న ఈస్ట్ గ్లూకోజ్‌ను పులియబెట్టి గ్యాసు వదులుతుందన్నది ఒక్కటే ఇబ్బంది. 50 డిగ్రీల దగ్గర నడిపితే ఈస్ట్ పులియబెట్టలేదు, ఇన్వర్టేజ్ మాత్రం హాయిగా పనిచేస్తుంది.

బఫరు విషయంలో ఒక్క మాట. ఫాస్ఫేట్ బఫరు వాడొద్దు. అది కాల్షియాన్ని లాగేసి పూసలను మెత్తబరుస్తుంది, గంటల్లో జావ అవుతాయి. పీహెచ్ 4.8 దగ్గర 50 మిల్లీమోలార్ అసిటేట్, అందులో 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్: ఇది సరిపోతుంది.

లోపలున్నది బయటికి తీసి కొలవడం

ఫాస్ఫేట్ చేసే ఆ చెడునే సిట్రేట్‌తో కావాలని చేయించి, మూడో లెక్క తేల్చుకోవచ్చు. ఈ ఒక్క పరీక్ష చేయని రిపోర్టులో "ఎంజైము నశించింది" అనే మాట రాయకూడదని నా గట్టి అభిప్రాయం. 1 గ్రాము పూసలు తూచి, 10 మి.లీ. 0.1 మోలార్ ట్రైసోడియం సిట్రేట్‌లో వేసి షేకర్ మీద పెట్టండి. అరగంటలో పూసలు కరిగిపోతాయి. పెద్ద పూసలకు ఇంకాస్త సమయం పడుతుంది. పీహెచ్ 7 పైనే ఉంచాలి, ఆమ్లం వైపు పోతే సిట్రేట్ కాల్షియాన్ని సరిగా పట్టుకోదు. కరిగిన దాంట్లోంచి కొద్దిగా తీసి అసిటేట్ బఫరులో 20 రెట్లకు తక్కువ కాకుండా పల్చన చేసి, విరిగి వచ్చిన చక్కెరను రంగుతో కొలిచే డీఎన్‌ఎస్ పద్ధతిలో మామూలుగా 540 నానోమీటర్ల దగ్గర చదవండి. బ్లాంక్‌లో కూడా అంతే ఆల్జినేట్, అంతే సిట్రేట్ ఉండాలి.

ఇప్పుడు లెక్క. 100 యూనిట్లు వేశాం, కడిగిన నీళ్లలో 15 దొరికాయి, కరిగించిన పూసల్లో 75 దొరికాయి, కరిగించని పూసలు 22 మాత్రమే చూపించాయి అనుకోండి. అసలు నశించింది 10 యూనిట్లే. ఎఫెక్టివ్‌నెస్ ఫ్యాక్టర్ 22ను 75తో భాగిస్తే వచ్చే 0.29. ఇలాంటప్పుడు బంధించే పద్ధతిని మార్చుకుంటూ నెలలు గడపడం దండగ, మార్చాల్సింది పూస సైజు.

కరిగించని పూసలను కొలిచేటప్పుడు ఇంకో ఉచ్చు ఉంది, దాన్ని గమనించేవాళ్లు తక్కువ. విడి ఎంజైముకు అలవాటైన 5 నిమిషాల అస్సేనే (యాక్టివిటీ కొలతనే) పూసలకూ వాడతారు. 3 మి.మీ. పూసలో చక్కెర కుదురుకోవడానికే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పడుతుంది, వ్యాసార్ధపు వర్గాన్ని వ్యాపన గుణకానికి దాదాపు పది రెట్లతో భాగిస్తే వచ్చే సమయం అది. తయారైన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ బయటికి రావడానికి కూడా అలాగే సమయం కావాలి. 5 నిమిషాలకే చదివితే ఇంకా బయటికి రాని చక్కెరను లెక్కలోకి తీసుకోనట్టే. 1 మి.మీ. పూసకు ఈ ఆలస్యం నిమిషం లోపే. అందుకని పూసలను ముందే అరగంట ద్రావణంలో ఉంచి, ద్రావణం మార్చి, ఆ తర్వాత ప్రతి 5 నిమిషాలకు ఒక శాంపిల్ తీసి, గీత వంపు లేకుండా తిన్నగా నడిచిన చోట వాలు తీసుకోవాలి. కాలమ్‌లో అయితే ఈ గొడవ లేదు, నిలకడకు వచ్చాక చదివితే సరి.

వ్యాపనమే కారణమా అని తేల్చుకోవడానికి ఇంకొన్ని గుర్తులున్నాయి. ఒకే ఎంజైము మోతాదుతో 3 మి.మీ., 1.5 మి.మీ. పూసలు చేసి కొలవండి. పూస సగమైతే వేగం దాదాపు రెట్టింపు అయిందా, లోపలి వ్యాపనమే పట్టుకుని ఉంది. వేగం మారకపోతే కారణం మరొకటి. ఎంజైము మోతాదు రెట్టింపు చేసినా తెలుస్తుంది: పై ఉదాహరణలో రెట్టింపు ఎంజైము వేస్తే వేగం 1.46 రెట్లే అవుతుంది. ఖరీదైన ఎంజైముతో పనిచేసేవాళ్లు ఈ అంకె ముందు కాసేపు ఆగి ఆలోచించాలి. ఉష్ణోగ్రత కూడా మంచి సాక్షి. విడి ఎంజైముకు యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కు 45 కిలోజౌల్స్ ఉందనుకుంటే, 30 నుంచి 40 డిగ్రీలకు పోయినప్పుడు వేగం 1.77 రెట్లు అవ్వాలి. వ్యాపనం బాగా పట్టుకున్న పూసలో ఆ ఎనర్జీ ఎంజైముకూ వ్యాపనానికీ మధ్య సగటుగా, 31 దగ్గర కనిపిస్తుంది, వేగం 1.5 రెట్లే పెరుగుతుంది. "బంధించాక యాక్టివేషన్ ఎనర్జీ తగ్గింది, ఎంజైము మెరుగైంది" అని రాసిన రిపోర్టుల్లో జరిగింది సాధారణంగా ఇదే. ఈ పరీక్షకు వాటర్ బాత్ తప్పనిసరి. మే నెలలో తిరుపతిలో ఏసీ లేని ల్యాబ్‌లో "గది ఉష్ణోగ్రత" అనేది పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి.

కాలమ్‌లో పెట్టాక

ఫ్లాస్కులో కొలిచిన ఫ్యాక్టర్‌తో కాలమ్ సైజు కట్టకూడదు. కాలమ్ ప్రవేశం దగ్గర చక్కెర చిక్కగా ఉంటుంది, అక్కడి పూస లోపలికి బాగానే అందుతుంది. పోను పోను గాఢత తగ్గి, నిష్క్రమణ దగ్గర అదే పూస 0.29కి దిగిపోతుంది. 80 శాతం మార్పిడికి (వచ్చిన చక్కెరలో విరిగిన వంతు) వచ్చిన కాలమ్ పొడవును కాస్త పెంచితే 98 వస్తుందనుకుంటే నిరాశే ఎదురవుతుంది. చివరి భాగంలో పూసలు రెండు రకాలుగా దెబ్బ తింటాయి: ఎంజైము వేగం గాఢతతో తగ్గడం ఒకటి, లోపలికి అందే భాగం తగ్గడం రెండోది. ప్రవేశం వైపు పెద్ద పూసలు, నిష్క్రమణ వైపు చిన్న పూసలు నింపడం ఇందుకు మంచి ఉపాయం.

చిన్న కాలమ్‌లలో పూస బయట కూడా ఒక అడ్డు ఉంటుంది. పూసను అంటిపెట్టుకుని కదలని పల్చటి నీటి పొర ఉంటుంది, ప్రవాహం మెల్లగా ఉన్న కొద్దీ ఆ పొర మందమవుతుంది. 2.5 సెం.మీ. లోపలి వ్యాసం, 30 సెం.మీ. ఎత్తున్న కాలమ్‌లో 3 మి.మీ. పూసలు నింపి, పెరిస్టాల్టిక్ పంపుతో నిమిషానికి 5 మి.లీ. పంపితే, ద్రావణం సెకనుకు 0.17 మి.మీ. వేగంతో పాకుతుంది. 5 శాతం సుక్రోజ్‌కు లెక్క వేస్తే పూస ఉపరితలం దగ్గర గాఢత బయటి కంటే సుమారు 30 మిల్లీమోలార్ తక్కువ. నిష్క్రమణ దగ్గర బయట 10 మిల్లీమోలార్ మిగిలిన చోట అయితే, ఉపరితలం దగ్గర ఉండేది సుమారు 7 మిల్లీమోలారే.

దీన్ని పట్టుకోవడానికి ప్రవాహం ఒక్కటే పెంచి చూస్తే సరిపోదు. ప్రవాహం పెరిగితే ద్రావణం కాలమ్‌లో ఉండే సమయం తగ్గుతుంది, మార్పిడి ఎలాగూ పడిపోతుంది. 15 సెం.మీ. ఎత్తు పూసలతో నిమిషానికి 2.5 మి.లీ., తర్వాత 30 సెం.మీ. ఎత్తుతో 5 మి.లీ. నడపండి. లోపల ఉండే సమయం రెండింట్లో ఒక్కటే. రెండో దాంట్లో మార్పిడి పెరిగితే బయటి పొర అడ్డు పడుతోందని రుజువైంది. నిష్క్రమణ ద్రావణంలో కొంత మళ్లీ పైకి తిప్పి ప్రవాహ వేగం పెంచడం ఒక మార్గం. అయితే అలా తిప్పితే లోపలికి వచ్చే ద్రావణం పల్చబడుతుంది, లాభనష్టాలు రెండూ చూసుకోవాలి.

పూసలు చిన్నవి చేసినందుకు కట్టాల్సిన మూల్యం పీడనం. పూస వ్యాసం మూడో వంతైతే పీడన నష్టం 9 రెట్లు. పల్చటి ద్రావణం సెకనుకు 1 మి.మీ. వేగంతో పోతే, 1 మి.మీ. పూసలకు ఇది మీటరుకు బార్‌లో వందో వంతే కాబట్టి ల్యాబ్‌లో పట్టించుకోనక్కర్లేదు. 0.2 మి.మీ.కి దిగితే పావు బార్ అవుతుంది, ఆ ఒత్తిడికి మెత్తటి ఆల్జినేట్ అడుగున నలిగి, దారి మూసుకుని, ద్రావణం ఒక పక్కనుంచి కాలువ చేసుకుని పోతుంది. 40 శాతం చక్కెర పాకమైతే 20 డిగ్రీల దగ్గర నీటికంటే ఆరు రెట్లు చిక్కన, పీడనం కూడా అన్ని రెట్లు. ఆ చిక్కదనం వ్యాపనాన్ని కూడా తగ్గిస్తుంది. ఇంకోటి, చల్లటి ఫీడ్‌ను, అంటే లోపలికి పంపే ద్రావణాన్ని, 50 డిగ్రీల కాలమ్‌లోకి పంపితే కరిగి ఉన్న గాలి లోపలే బుడగలై పూసల మధ్య చిక్కుకుంటుంది. ఫీడ్‌ను ముందే వేడి చేసి, గాలి పోనిచ్చి, తర్వాత పంపాలి.

నిలకడ అనే భ్రమ

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇది. వ్యాపనం పట్టుకున్న రియాక్టరు చాలా నిలకడగా కనిపిస్తుంది. పూస పై పొరలో ఎంజైము చెడిపోతూ ఉంటే, అక్కడ ఖర్చు కాని చక్కెర ఇంకా లోపలికి దిగి, అప్పటిదాకా ఊరికే ఉన్న ఎంజైముకు పని ఇస్తుంది. పై ఉదాహరణలోని 3 మి.మీ. పూసలో సగం ఎంజైము చెడిపోయినా బయటికి 67 శాతం కనిపిస్తుంది. 80 శాతం చెడిపోయినా 38 కనిపిస్తుంది. 90 శాతం పోయాక 23. "బంధించడం వల్ల ఎంజైము ఆయుష్షు పెరిగింది" అన్న వాక్యం రాసే ముందు, మొదటి రోజు పూసలనూ, చివరి రోజు పూసలనూ సిట్రేట్‌లో కరిగించి కొలవాలి. రెండింటి నిష్పత్తే అసలు ఆయుష్షు.

పరిశ్రమ దృష్టితో చూస్తే ఇందులో తప్పేం లేదు, నిలవలో ఉన్న ఎంజైము మెల్లగా వాడకంలోకి వస్తోంది. కాకపోతే ఆ నిలవ కోసం ముందే డబ్బు కట్టాం. ఫ్రక్టోజ్ పాకం తయారీలో, గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్‌గా మార్చే గ్లూకోజ్ ఐసోమరేజ్ కాలమ్‌లు నెలల తరబడి నడుస్తాయి, 55 నుంచి 60 డిగ్రీల దగ్గర, చిక్కటి పాకంతో. అక్కడ ఎంజైము తగ్గేకొద్దీ ప్రవాహం తగ్గించుకుంటూ మార్పిడిని ఒకే చోట నిలబెడతారు. జపాన్‌లో తనాబే సెయియాకు కంపెనీ 1969లో అమైనో ఆసిలేజ్ అనే ఎంజైము కాలమ్‌తో మొదలుపెట్టిన ఈ పరిశ్రమ పద్ధతిలో, ప్రవాహం ఎంత తగ్గించాల్సి వచ్చిందన్నదే ఎంజైము ఎంత మిగిలిందో చెప్పే కొలత.

ఆమ్లం పుట్టే చర్యల్లో వ్యాపనం ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. పెనిసిలిన్ జీ నుంచి 6-ఏపీఏ (వేరే పెనిసిలిన్ మందులకు ముడిసరుకు) చేసే పెనిసిలిన్ ఆసిలేజ్ పూసల్లో పుట్టిన ఆమ్లం త్వరగా బయటికి రాలేక, బయట పీహెచ్ మీటరు 8 చూపిస్తున్నా లోపల పీహెచ్ పడిపోతుంది. బయట క్షారం పోసి సరిచేయడం లోపలికి అందదు, చిన్న పూస, బలమైన బఫరు రెండూ కావాలి.

చిత్తూరు సరుకుల మీద వాడాలనుకుంటే

చిత్తూరు అంటే తోతాపురి, తోతాపురి అంటే గుజ్జు ఫ్యాక్టరీలు. కాబట్టి మామిడి గుజ్జును పల్చన చేయడానికి, దాన్ని చిక్కగా ఉంచే పెక్టిన్‌ను విరగ్గొట్టే పెక్టినేజ్‌ను ఆల్జినేట్ పూసల్లో బంధించాలన్న ఆలోచన రావడం సహజం. ఇది పనిచేయదు, ఎందుకో ముందే తెలుసుకుంటే ఒక సెమిస్టరు మిగులుతుంది. పెక్టిన్ భారీ అణువు. సుక్రోజ్ దూరినట్టు అది జెల్ రంధ్రాల్లోకి దూరలేదు. పూస లోపలి ఎంజైముకు జీవితాంతం పని దొరకదు, ఉపరితలం మీద బయటపడ్డ కొద్దిపాటి ఎంజైమే పనిచేస్తుంది. పైగా పెక్టిన్‌లో మిథైల్ గుంపులు తక్కువున్న భాగం కాల్షియంతో తనే జెల్ కడుతుంది. పూసలోంచి వచ్చే కాల్షియాన్ని పట్టుకుని పూస చుట్టూ జిగురు పొర పేరుస్తుంది, చిన్న అణువులకు ఉన్న దారి కూడా మూసుకుంటుంది. ఇక గుజ్జులోని పీచు కాలమ్‌ను మొదటి రోజే అడ్డేస్తుంది. పెక్టినేజ్‌ను బంధించాలంటే రంధ్రాల్లేని సన్నటి కణాల ఉపరితలం మీద రసాయన బంధంతో అతికించాలి. అయస్కాంత కణాలైతే తర్వాత ఏరుకోవడం తేలిక. అదీ గుజ్జుకు కాదు, వడకట్టిన రసానికి.

పాల విషయంలో చిక్కు వేరు. పాల చక్కెర లాక్టోజ్ చిన్న అణువే, పాలలో 4.7 శాతం దాకా, అంటే దాదాపు 137 మిల్లీమోలార్ ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే లాక్టేజ్ కేఎమ్ కంటే ఇది బాగా ఎక్కువ కాబట్టి వ్యాపనం దృష్ట్యా పరిస్థితి అనుకూలమే. కానీ పాలలో సహజంగానే సిట్రేట్, ఫాస్ఫేట్ ఉన్నాయి, ఆల్జినేట్ పూసను అవి మెల్లగా కరిగిస్తాయి. పాలకు రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ లాంటి వేరే ఆధారం వాడాలి. పనీరు చేయగా మిగిలిన నీళ్లు అయితే ఆమ్లంగా ఉంటాయి, ఈస్ట్ లాక్టేజ్ అక్కడ నిలవదు, ఆస్పెర్జిల్లస్ ఒరైజే నుంచి తీసిన లాక్టేజ్ నిలుస్తుంది. రెండు చోట్లా లాక్టోజ్ విరిగితే వచ్చే గాలక్టోజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. బయటి ద్రావణంలో కొలిచిన గాలక్టోజ్ కంటే పూస నడుమ ఎక్కువ పోగవుతుంది కాబట్టి, విడి ఎంజైముకు కట్టిన నిరోధక లెక్క పూసకు సరిపోదు.

బెల్లం నీళ్లు ఇన్వర్టేజ్ కాలమ్‌కు మంచి ఫీడ్. చిత్తూరు వైపు బెల్లానికి కొరత లేదు. అందులో ముందే కొంత ఇన్వర్ట్ చక్కెర (విరిగిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్) ఉంటుంది కాబట్టి కాలమ్‌లోకి పోయే ఫీడ్‌ను కూడా ప్రతిసారీ డీఎన్‌ఎస్‌తో చదవాలి, లేదంటే లేని మార్పిడి కనిపిస్తుంది. మడ్డి, పీచు పోవడానికి మొదట గుడ్డలో, తర్వాత వాట్‌మన్ 1 కాగితంలో వడకట్టాలి. బెల్లంలోని పొటాషియం పూసలోని కాల్షియం స్థానంలోకి చొరబడి మెల్లగా మెత్తబరుస్తుంది, మెత్తబడిన పూసలు ఉబ్బి కాలమ్‌లో దారి ఇరుకు చేస్తాయి. ఫీడ్‌లో 10 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ కలిపి, రోజూ ఒకే సమయానికి పూసల మట్టం ఎత్తును స్కేలుతో కొలిచి రాసుకోండి. ఆ ఎత్తు మారిందంటే పూసల సైజు మారినట్టే, కాబట్టి అప్పటిదాకా వాడిన వ్యాసార్ధంతో వేసిన లెక్కలు పక్కన పెట్టి, పది పదిహేను పూసలు బయటికి తీసి వెర్నియర్‌తో మళ్లీ కొలవాలి.